లెక్కలోకి రాని మ్యాచ్‌లు

ఫుట్‌బాల్ నా నెత్తికెలా చుట్టుకుందో ముందు చెప్పాలి. లేకపోతే నేనేదో చిన్నప్పటి నుంచీ బంతితోనే పెరిగానని మీరు అనుకునే ప్రమాదం ఉంది. నేను ఎకనామిక్స్ చెబుతాను. బంతిని తన్నడం అటుంచండి, దారిలో రాయి కనిపిస్తే పక్కనుంచి తప్పుకుని వెళ్లే మనిషిని. మనుషులు అడ్డొస్తే మాత్రం అలా వెళ్లను, అది వేరే సంగతి.

కైకలూరు, మండవల్లి మధ్య రోడ్డు పక్కన ఉంటుంది మా డిగ్రీ కాలేజీ. మూడువైపులా చేపల చెరువులు, ఒకవైపు వరిచేలు, మధ్యలో మేం. ఆటల మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టు ఖాళీగానే ఉండిపోయింది. ఒకరోజు స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ గారు అందరి ముఖాలూ ఒకసారి కలయజూసి, "గేమ్స్ మన ఎకనామిక్స్ మేడమ్ గారు చూసుకుంటారండీ. గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరకి వినపడే గొంతు మనలో ఆవిడకొక్కరికే ఉంది," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అది పొగడ్తో తిట్టో నేను తేల్చుకునేలోపు తీర్మానం అయిపోయింది.

అమ్మాయిల ఫుట్‌బాల్ అన్నది కూడా ఆయన ఎత్తుగడే. కబడ్డీకైతే జోన్‌లో ప్రతి కాలేజీ జట్టుని పంపుతుంది. అమ్మాయిల ఫుట్‌బాల్‌కి నాలుగైదు జట్లు వస్తే గొప్ప. "జనం తక్కువున్న లైన్లో నిలబడాలమ్మా, కౌంటర్ దగ్గరికి త్వరగా చేరతాం," అన్నారాయన. ఆ లైన్లో నిలబడినవాళ్లంతా మనకంటే బలమైనవాళ్లని మాత్రం చెప్పలేదు.

యూనివర్సిటీ జోన్ పోటీలు నాకౌట్ పద్ధతి. ఓడితే ఇంటికే. ఏటా ఏలూరు వెళ్లడం, మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోవడం, వాళ్లు పెట్టిన పులిహోర పొట్లం తినడం, కొల్లేరు మీదుగా బస్సులో తిరిగొచ్చేయడం. మా పిల్లలకి ఫుట్‌బాల్ సంవత్సరమంటే అదే. పొద్దున్న మొదలై మధ్యాహ్నం భోజనాల వేళకి ముగిసిపోయే సంవత్సరం ప్రపంచంలో ఇంకెవరికీ ఉండి ఉండదు.

రెండేళ్ల కిందట అలా తిరిగొచ్చిన మర్నాడు ప్రిన్సిపాల్ గారు నన్ను తన గదికి పిలిచారు.

"అమ్మా, ఇంకొక్క ఏడు చూద్దాం. జోన్‌లో ఒక్క మ్యాచ్ అయినా గెలవకపోతే ఫుట్‌బాల్ ఎత్తేద్దాం. క్యారమ్స్ పెట్టుకుందాం, నీడపట్టున కూర్చుని ఆడుకుంటారు. గ్రౌండులో బళ్లకి షెడ్డు వేయమని కమిటీ వాళ్లు ఎప్పణ్ణుంచో అడుగుతున్నారు కూడాను."

బయటికొస్తే వరండాలో మా కెప్టెన్ నిలబడి ఉంది. మొదటి సంవత్సరం బీకామ్. వాళ్ల నాన్న కైకలూరులో ఐసు లారీ తోలతాడు. ఆ పిల్లకి మాట తక్కువ, పరుగు ఎక్కువ. నాకు సరిగ్గా వ్యతిరేకం.

"ఎత్తేస్తారంటాండీ?" అంది.

"వచ్చే ఏడు గెలిస్తే ఎత్తరు."

"అయితే ఫైనలియర్లో నాకు ఆట ఉండదాండీ?"

గెలవడం మీద దానికి ఎంత నమ్మకముందో ఆ ప్రశ్నలోనే తెలిసింది. నేను కోప్పడబోతుంటే ఆ పిల్లే మళ్లీ అందుకుంది: "మేం ఓడిపోతన్నాం అనుకుంటన్నారు గానీ మేడమండీ, మేం అసలు మొదలెట్టట్లేదండీ. గ్రౌండు ఎటు పల్లమో ఎటు మెరకో చూసుకునేలోపు రెండు గోల్సు పడిపోతన్నాయి. ఇంకో పావుగంట ఉంటే మాకు కాళ్లు ఆడతాయి. ఆపాటికి ఇంటికి పొమ్మంటారు."

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. నిజమే కదా. ఎకనామిక్స్ పేపరుకైతే ఏడాది పొడుగునా స్లిప్ టెస్టులు పెట్టి పిల్లల ప్రాణం తీస్తాం. ఫుట్‌బాల్‌కి మాత్రం ఒకేసారి ఫైనల్ పరీక్ష. ఏడాదికొకసారి జరగడానికి ఇదేమన్నా తిరునాళ్లా?

మర్నాడు ప్రిన్సిపాల్ గారి గదికి ఆయన కంటే ముందే వెళ్లి కూర్చున్నాను.

"జోన్‌తో సంబంధం లేని మ్యాచ్‌లు ఆడాలి సార్. ఆదివారాలు. రమ్మన్నవాళ్ల దగ్గరికి వెళ్దాం, వస్తామన్నవాళ్లని పిలుద్దాం."

"అవి యూనివర్సిటీ లెక్కలోకి రావు గదమ్మా?"

"రావు. అందుకే ఆడాలి."

"లెక్కలోకి రాని మ్యాచ్ కోసం ఎక్కడికో వెళ్లి ఓడిపోవడం దేనికమ్మా? ఓడిపోవడానికి మనకి ఏలూరు ఉందిగా."

ఆయన నోరూ తక్కువదేమీ కాదు. అందుకే ఆయనతో వాదించడం నాకు ఇష్టం. కాలేజీ అయ్యాక ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. పాఠాలు చెప్పేటప్పుడు గడియారం చూస్తారు గానీ చెరువు గట్టు మీద ఉన్నప్పుడు చూడరు. నేను అటువైపు నుంచి వెళ్లాను.

"సార్, మీకు హేచరీ నుంచి రొయ్యపిల్లలొస్తాయి కదా. బండి దిగగానే ప్యాకెట్లు చింపి చెరువులో గుమ్మరించేస్తారా?"

ఆయన ముఖంలో నిజంగానే నొప్పి కనిపించింది. "అదేం మాటమ్మా! చచ్చిపోవూ? ప్యాకెట్లు అలాగే నీళ్లమీద తేలనివ్వాలి. లోపలి నీళ్లూ చెరువు నీళ్లూ ఒక్క వేడికి వచ్చేదాకా ఆగాలి. తర్వాత చెరువు నీళ్లు కొంచెం కొంచెంగా లోపలికి పోస్తూ..."

"మరి మన పిల్లల్ని ఏలూరు గ్రౌండులో బస్సు దిగగానే గుమ్మరిస్తున్నాం కదండీ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఓడిపోయినప్పుడల్లా అది తుడుస్తారు. "రొయ్యపిల్లలూ ఆడపిల్లలూ ఒకటేనా?"

"ఒకటి కాదు సార్. రొయ్యపిల్లలంటే మీకు జాలి ఉంది."

ఆదివారాలు బస్సు ఇచ్చారు. ఇంటి దగ్గర మా ఆయనకి చేపల మేత కొట్టు ఉంది. "ఆదివారం కూడా కాలేజీ ఏంటే?" అన్నాడు. మీరు ఆదివారం కొట్టు తీయడం లేదా అన్నాను. "చేపలకి ఆదివారం ఉండదు కదే," అన్నాడు. "నా పిల్లలకీ లేదు," అన్నాను. అక్కడితో ఇంటి అనుమతులు కూడా అయిపోయాయి.

అయితే ఎవరితో ఆడాలో ఎంచుకోవడమే అసలు విద్య అని నాకప్పటికి తెలియదు. ఆడితే పెద్దవాళ్లతోనే ఆడాలని, మమ్మల్ని ఏటా ఇంటికి పంపించే ఆ ఏలూరు కాలేజీకే ఫోను చేశాను. పాపం, వెంటనే ఒప్పుకున్నారు. గోల్సు ఎనిమిది దాకా లెక్కపెట్టి, ఆ తర్వాత మొహమాటమేసి రిఫరీయే లెక్క ఆపేశాడు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక్క పాట లేదు. కొల్లేరు మీద ఎగిరే కొంగల్ని చూసి కూడా ఎవరూ నోరు మెదపలేదు. మరీ పై జట్టుతో ఆడితే నేర్చుకునేది ఏమీ ఉండదు, ఏడవడం తప్ప. ఏడవడం మనకి ముందే వచ్చు.

రెండోసారి బుద్ధి తెచ్చుకుని తాడేపల్లిగూడెంలో మాలాంటి చిన్న కాలేజీని పట్టాను. వాళ్ల ఆటల మేడమ్ ఫోన్లోనే, "తప్పకుండా రండి, మాకూ ఆడేవాళ్లు లేక పిల్లలు గోడకేసి తన్నుకుంటున్నారండీ," అంది. మాకు మా సాటివాళ్లు దొరికారు. అయితే సాటివాళ్లు దొరికారు గనకే కొత్త చిక్కు వచ్చింది.

ఆకివీడు, గణపవరం దాటి మేం వెళ్లేసరికి పెసరట్టు ఉప్మా సిద్ధంగా ఉంది. తిన్నాం. మ్యాచ్ మొదలుపెడదామా అన్నాను.

"ఎక్కడికి పోద్దండీ మ్యాచ్? మొదటిసారి వచ్చేరు. భోజనం చెయ్యకుండా ఎండలో దిగుతారేంటండీ? మా ప్రిన్సిపాల్ గారు ఊరుకోరు," అంది ఆవిడ.

కోడికూర, గుత్తివంకాయ, పప్పుచారు, గడ్డపెరుగు. పిల్లలు వద్దనబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టనివ్వలేదు. పైగా అతిథులు తింటుంటే తాము తినకపోవడం బాగోదని వాళ్ల జట్టు కూడా పక్కనే కూర్చుని సరిసమానంగా తింది. అటు తర్వాత జరిగింది ఫుట్‌బాల్ అని నేను చెప్పలేను. ఇరవై రెండుమంది ఆడపిల్లలు ఒక బంతి చుట్టూ పాడిగేదెల్లా నెమ్మదిగా తిరిగారు. బంతి తమ దగ్గరికి వస్తే చిరాకుపడ్డారు. ఎవరికీ గోల్ పడలేదు.

కానీ మీరు గమనించారో లేదో, మేం ఓడిపోలేదు. కాలేజీ పుట్టాక మొదటిసారి. బస్సులో పాటలు పాడుకుంటూ వచ్చారు. "గోల్ పడకుండా ఆపేం మేడమండీ," అంది మా గోల్‌కీపర్. వచ్చిన బంతులు రెండు. అందులో ఒకటి దారి తప్పి వచ్చింది. అయినా నేనేమీ అనలేదు. నేను ఏమీ అనని సందర్భాలు తక్కువ కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

తిన్నాక తిరిగి పిలవాలి కదా. నెల తిరక్కుండా వాళ్లు మా దగ్గరికి వచ్చారు. ఈసారి భోజనం మ్యాచ్ తర్వాతే అని మొండికేశాను. మా పిల్లల ఇళ్ల నుంచి కొరమీను పులుసు, రొయ్యల ఇగురు వచ్చి వంటగదిలో మూతల కింద ఘుమఘుమలాడుతున్నాయి. ఖాళీ కడుపుతో మా వాళ్లు ఎలా ఆడారనుకున్నారు! మొదటి సగంలోనే రెండు గోల్సు. ఒకటి మా కెప్టెన్‌దే. నా గొంతు మండవల్లి రైల్వే గేటు దాకా వినిపించిందని తర్వాత చెప్పారు.

రెండో సగంలో వాళ్ల అమ్మాయి ఒకతి దూరం నుంచి మెల్లగా ఓ బంతి తన్నింది. నేలమీద దొర్లుకుంటూ వస్తోంది. మా గోల్‌కీపర్ వంగింది, చూసింది, పక్కకి జరిగింది. బంతి దర్జాగా లోపలికి వెళ్లింది.

ఒక్క గోల్‌తో వాళ్లకి ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాతి రెండూ ఎవరూ ఇవ్వలేదు, వాళ్లే కష్టపడి కొట్టుకున్నారు. రెండుకి మూడు గోల్సుతో, మా సొంత గ్రౌండులో, మా రొయ్యల ఇగురు వాసన మధ్య, మేం ఓడిపోయాం.

నేను గోల్‌కీపర్ని పక్కకి లాక్కెళ్లాను. "ఆ మొదటి బంతి ఎందుకు వదిలావే?"

"ఇంటికొచ్చినోళ్లు కదండీ," అంది తల వంచుకుని. "అంత దూరం నుంచొచ్చేరు. ఉత్తచేతుల్తో పంపిస్తే ఏం బాగుంటదండీ? ఒక్కటే కదా అని..."

"ఒక్కటిస్తే ఇంకో రెండు వాళ్లే తీసుకున్నారు. చూశావా?"

"ఆయ్. అలా తీసుకుంటారనుకోలేదండీ. మేమైతే తీసుకోమండీ."

దాన్ని కొట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలియలేదు. మా గోదావరి వైపు మనిషికి చెప్పులేసుకోవడం నేర్పకముందే వచ్చినవాళ్లకి మంచినీళ్లివ్వడం నేర్పుతారు. ఆ పిల్ల చేసింది తప్పని దాని అమ్మమ్మ ఒప్పుకోదు. నేనే ఒప్పించాలి. ఆ సాయంత్రం అందర్నీ గ్రౌండు అంచున సున్నం గీత పక్కన కూర్చోబెట్టాను.

"ఇదిగో చూడండి. ఈ గీతకి ఇవతల వాళ్లు మన చుట్టాలు. విస్తరి వేయండి, విసరండి, చీరె పెట్టండి, నాకనవసరం. గీత దాటి లోపలికెళ్తే చుట్టాలు లేరు. ఈల వేసేదాకా అక్కడ ఎవరూ ఎవరింటికీ రాలేదు."

"పడిపోతే లేపొచ్చాండీ?" అని అడిగింది ఒకమ్మాయి.

"ఈల వేశాక లేపు."

"దెబ్బ తగిలితేనో?"

"వేశాక!"

ప్రిన్సిపాల్ గారు ఆ మ్యాచ్ సంగతి విని, "గెలిచే మ్యాచ్ దానం చేసేశారటగా," అని నవ్వారు. నేను మాత్రం ఆ రోజు సంతోషంగా ఉన్నాను, నిజం చెబుతున్నా. ఆ గోల్ జోన్ పోటీలో వదిలి ఉంటే ఏడాది పోయేది. ఆదివారం నాడు వదిలింది కాబట్టి ఒక పాఠం వచ్చింది, పోయింది ఏమీ లేదు. లెక్కలోకి రాని మ్యాచ్‌కున్న విలువ అదే. అందులో తెలివితక్కువగా ఉండొచ్చు. ప్రిన్సిపాల్ గారికి ఇదే చెబితే, "మీ ఎకనామిక్స్‌లో దీన్నేమంటారమ్మా?" అన్నారు. చవక అంటారు అన్నాను.

జోన్ పోటీలకి ముందు ఆఖరిగా అత్తిలి వెళ్లాం. ఈసారి ఆయన కూడా బస్సెక్కారు. "ఏం చేస్తున్నారో చూడాలి కదా," అన్నారు. చూశారు. మా గోల్‌కీపర్ మొసలిలా నోరు తెరుచుకుని బంతి మీద పడిపోవడం చూశారు. అత్తిలి అమ్మాయి ఒకతి జారిపడితే మా కెప్టెన్ ఆమె పక్కనుంచి బంతి లాక్కుపోయి గోల్ కొట్టి, ఈల వినగానే వెనక్కి పరిగెత్తుకొచ్చి, "దెబ్బ తగిలిందాండీ?" అంటూ లేవదీయడం చూశారు. ఆ ఒక్క గోల్‌తో గెలిచాం. మా మొదటి గెలుపు.

ఆ తర్వాత అత్తిలి వాళ్లు పెట్టిన భోజనం కూడా ఆయన చూశారు. మామూలుగా చూడలేదు. పనసపొట్టు కూర మూడోసారి వేయించుకున్నారు. బస్సెక్కే ముందు వాళ్ల ప్రిన్సిపాల్ గారి రెండు చేతులూ పట్టుకుని, "ఏవండీ, మీరు మీ పిల్లల్ని తీసుకుని మా దగ్గరికి తప్పకుండా రావాలి. మా చెరువు రొయ్యలు తినకుండా మీరు తప్పించుకోలేరు," అన్నారు. గెలిచిన సంతోషంలో అన్నారు. నేను పక్కనే ఉన్నాను.

ఏలూరులో చీటీలు తీస్తే మొదటి మ్యాచ్ ఎవరితో పడిందో చెప్పనక్కర్లేదు. ఆ పెద్ద కాలేజీయే. మా కెప్టెన్ ఆ మాట విని జడ బిగించుకుంది, అంతే. ఈసారి ఈల వేసినప్పటి నుంచే మా వాళ్లకి కాళ్లు ఆడాయి. పల్లమెటో మెరకెటో ముందే తెలుసు. ఎనిమిది గోల్సు తిన్న గ్రౌండు కదా, అంగుళం అంగుళం గుర్తుంటుంది. వాళ్లు ఒకటి కొట్టారు. కాసేపటికి మా కెప్టెన్ ఒకటి కొట్టింది. వాళ్ల జనం నోళ్లు మూతపడ్డాయి. అలా చివరిదాకా లాగి, ఇంకా కాసేపట్లో అయిపోతుందనగా కార్నర్ నుంచి వచ్చిన బంతి ఒకటి మా గోల్‌కీపర్ వేళ్ల చివర తగిలి లోపలికి పోయింది. అది దానం కాదు. మొత్తం ఒంటితో ఆపబోయింది, అందలేదు.

వాళ్ల ఆటల మాస్టారు నా దగ్గరికొచ్చి, "ఈ ఏడు ఎక్కడ తయారయ్యేరండీ మీరు?" అన్నాడు. ఆదివారాల్లో అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

ఓటమి ఓటమే. మర్నాడు ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచారు. వరండాలో కెప్టెన్, దాని వెనక మొత్తం జట్టు, క్లాసు ఎగ్గొట్టి నిలబడి ఉన్నారు. నేను తలుపు పూర్తిగా వేయలేదు.

"బాగా ఆడారమ్మా. కాదనను," అన్నారాయన. "కానీ మాట మాటే కదా. ఒక్క మ్యాచ్ గెలిస్తే అన్నాం."

"గెలిచాం. అత్తిలిలో."

"అది లెక్కలోకి రాదు గదమ్మా."

"భోజనం వచ్చిందా సార్ లెక్కలోకి?"

"భోజనమేంటమ్మా?" అన్నారాయన.

"అత్తిలి వాళ్లింట్లో తిన్నాం. వాళ్లు ఇంకా మన ఇంటికి రాలేదు. రమ్మని చేతులు పట్టుకుని పిలిచింది మీరు. ఇప్పుడు జట్టు లేదంటే వాళ్లు దేనికి వస్తారు, క్యారమ్స్ చూడ్డానికా? పోనీ, మీరే ఫోను చేసి చెప్పండి. మీ పనసపొట్టు కూర బాగుందండీ, మీరు మాత్రం రానక్కర్లేదండీ అని."

"అలా ఎలా చెబుతామమ్మా? మనుషులం కాదూ?"

"నేను చెప్పనా మరి? నా గొంతు అత్తిలి దాకా వినపడుతుంది, ఫోను కూడా అక్కర్లేదు."

ఆయన కళ్లజోడు తీశారు. తుడుస్తూ ఉండగానే, "తాడేపల్లిగూడెం వాళ్లు కూడా మళ్లీ రమ్మన్నారు సార్. ఏలూరు వాళ్లు నిన్న గ్రౌండులోనే అడిగారు, మాతో ఓ ఆదివారం ఆడతారా అని. అంతమందికి లేదని చెప్పాలంటే పెద్దవాళ్లు, మీరే చెప్పాలి," అన్నాను.

చాలాసేపు ఆ అద్దాలే తుడిచారు. తర్వాత ఫోను తీశారు.

"ఏవండీ, నమస్కారమండీ... ఆయ్, బాగున్నామండీ... అదేనండీ, మీరు ఎప్పుడొస్తారో కనుక్కుందామని... అయ్యో, శ్రమేముందండీ! పిల్లలంతా ఎదురుచూస్తన్నారు." ఇటు తిరిగి, ఫోను మీద చెయ్యి పెట్టి, గొంతు తగ్గించారు: "వచ్చే ఆదివారం అంటున్నారు. ఆ రోజు నాకు చెరువులో రొయ్యల పట్టుబడి ఉంది. ఆ పై వారం పెట్టుకోవచ్చా?"

"కుదరదు సార్. ఆ పై వారం మనం తాడేపల్లిగూడెం వెళ్లాలి."

"ఎవరు చెప్పారు?"

"నేను చెప్పాను."

"నన్నడక్కుండానా!"

ఫోను అవతల అత్తిలి ప్రిన్సిపాల్ గారు హలో, హలో అంటున్నారు. మేమిద్దరం ఏ ఆదివారం అన్నదాని మీద గట్టిగానే పట్టుబట్టాం. వరండాలోకి వచ్చేసరికి కెప్టెన్ నా ముఖంలోకి చూస్తోంది.

"ఏం తేలిందండీ?"

"ఏమీ తేలలేదు. ఆయనకి పై వారం కావాలట. నాకు ఈ వారమే కావాలి."

ఆ పిల్లకి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక కూడా నవ్వలేదు. వెనక్కి తిరిగి, జట్టంతటికీ వినపడేలా, నా గొంతుకి దగ్గరగా వచ్చే గొంతుతో అరిచింది: "ఏటే చూస్తన్నారు? బూట్లేసుకోండి!"